ఒడ్డున పాడయ్యే ఇంజను

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మోటారు బోట్లు సముద్రంలో వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఆ రెండు నెలల్లో మా కాకినాడ వైపు మత్స్యకారులు చిరిగిన వలలు అల్లుకుంటారు, ఫైబర్ బోటు అడుగున పగుళ్ళు పూడ్చుకుంటారు, రంగులు వేసుకుంటారు. ఇంజను సంగతి మాత్రం చాలామందికి పట్టదు. బోటు వెనక బల్ల నుంచి విప్పి, ఇంటికి మోసుకొచ్చి, వసారాలో ఓ మూల నిలబెట్టి గోనెపట్టా కప్పేస్తారు. జూన్ 14 అర్ధరాత్రి దాటాక దాన్ని మళ్ళీ భుజానికెత్తుకుని రేవుకు వస్తారు. బల్లకు బిగిస్తారు. తాడు లాగుతారు. పలకదు. మళ్ళీ లాగుతారు.

ఆ వారంలో కాకినాడ జగన్నాథపురంలో చిన్న ఇంజన్లు బాగుచేసే ఒకాయన కొట్టు ముందు కూర్చుంటే ఎంత నేర్చుకోవచ్చో! ఆయన్ని నేను మావయ్యా అని పిలుస్తాను. చుట్టరికం కాదు, ఊళ్ళో వరస. వచ్చినవాళ్ళంతా ఇంచుమించు ఒకే మాట చెబుతారు.

"వేట ఆపిన రోజు బ్రహ్మాండంగా ఆడింది మావయ్యా. ఇంటికి తెచ్చి పెట్టిందే. మళ్ళీ ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదా? అదేరా అబ్బాయ్ దాని జబ్బు" అంటాడాయన, పానా అందుకుంటూ.

ఆ మాట నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. వాడితే అరుగుతుంది, దాచుకుంటే నిలుస్తుందని మనకో నమ్మకం. చీరల విషయంలో, కంచు గిన్నెల విషయంలో నిజమేనేమో. బోటు వెనక తగిలించే ఈ చిన్న ఇంజను విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. దాని రోగాల్లో ఎక్కువ భాగం పనిలో వచ్చినవి కావు, ఖాళీగా ఉన్నప్పుడు వచ్చినవి. నడిసముద్రంలో ఆగిపోతే, సముద్రమే ఆపిందనుకుంటాం. అది ఆగడం మొదలైంది నెలన్నర కిందట, వసారాలో.

ఇందుకు కారణం దాని పుట్టుకలోనే ఉంది. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్ 1909లో మిల్వాకీ నగరంలో ఇలాంటి ఇంజన్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 62 పౌండ్లు, అంటే దాదాపు 28 కిలోలు. అంతకుముందు కూడా ఒకరిద్దరు ఇలాంటివి తయారుచేశారు గానీ, మామూలు మనిషి కొనుక్కుని, పడవకు బిగించుకుని, పనయ్యాక విప్పి ఇంటికి తీసుకుపోయే వస్తువుగా దాన్ని జనంలోకి తెచ్చినవాడు ఆయనే. విప్పి తీసుకుపోవచ్చు అన్న సుగుణమే ఆ ఇంజనుకు రెండు జీవితాలిచ్చింది. కారు ఇంజనుకు సొంత నీళ్ళున్నాయి, రేడియేటరుంది. దీనికి అవి లేవు. ఏ నీళ్ళలో తిరుగుతుందో ఆ నీళ్ళనే పీల్చుకుని చల్లబడుతుంది. ఉప్పునీరైతే ఉప్పునీరే, బురదనీరైతే బురదనీరే. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ ప్రవాహం దాని ఒంటిని కడుగుతూ ఉంటుంది. ఒడ్డుకెక్కించగానే ఆ కడగడం ఆగిపోతుంది, లోపల మిగిలిన నీరు ఎండి ఉప్పు పేరుకుంటుంది.

ముందు పెట్రోలు సంగతి చెప్పాలి. మావయ్య కొట్టుకు వచ్చే ఇంజన్లలో సింహభాగానిది అదే కథ. ఆయన కార్బ్యురేటర్ విప్పడం నేను దగ్గరగా చూశాను. పై మూత తీసి, రెండు బోల్టులు వదులుచేసి, అరచేతిలో పట్టేంత ముక్కను బయటికి తీస్తాడు. దాని అడుగున చిన్న గిన్నె. ఆ గిన్నె విప్పగానే ముక్కుకు తగిలేది పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ వాసన. మిగిలిపోయిన పెట్రోలు ఆరుతూ ఆరుతూ, గిన్నె గోడలకు ముదురు పాకం అంటుకున్నట్టు గోధుమరంగు జిగురై పట్టి ఉంటుంది. గిన్నె మధ్యలో జెట్ అని ఇత్తడి మర. దానికి సూది దూరేంత బెజ్జం. ఇంజను తాగే పెట్రోలంతా ఆ బెజ్జంలోంచే పోవాలి. మావయ్య దాన్ని విప్పి, ఒక కన్ను మూసుకుని, సూర్యుడికి ఎదురుగా పట్టి చూస్తాడు. వెలుతురు గుండ్రంగా కనబడాలి. కనబడదు. లేదా ఓ పక్కకు నెలవంకంత కనబడుతుంది. అలా సగం మూసుకున్న బెజ్జంతోనే ఇంజను ఒడ్డున స్టార్టవుతుంది, నెమ్మదిగా ఆడుతుంది, కెరటం ఎక్కడానికి జోరు పెంచగానే గొంతు పట్టేసి ఆగిపోతుంది. చౌక్ లాగితే కాసేపు బాగా ఆడుతోందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఆ ఒక్క గుర్తు తెలిస్తే ప్లగ్గులూ కాయిళ్ళూ మార్చే ఖర్చు తప్పుతుంది.

ఆ బెజ్జంలోకి ఇనుప తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదైతే లెక్క తప్పుతుంది. క్లీనర్ కొట్టి, గాలి ఊది, మళ్ళీ వెలుతురుకు పట్టి చూడడమే.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2025 నాటికి మన బంకుల్లో దొరికే పెట్రోలు 20 శాతం ఇథనాల్ కలిసినదే. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తీరప్రాంతపు తేమలో, సగం నిండిన ట్యాంకులో, వారాల తరబడి అది ఆ పని చేస్తూనే ఉంటుంది. తేమ మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకులోంచి పెట్రోలు లాగే గొట్టం ఉండేది కూడా ఆ అడుగునే. అంటే ఇంజను నోటికి మొదట అందేది పనికిరాని ఆ నీళ్ళే. పాత రబ్బరు గొట్టాలనూ ఇథనాల్ మెత్తబరుస్తుంది, లోపలి పొర ఊడి నలకలై కార్బ్యురేటర్‌లోకి చేరుతుంది. అందుకే నేను గట్టిగా చెబుతాను: వేట ఆపే రోజున ట్యాంకులో మిగిలిన పెట్రోలును పారబోయనక్కర్లేదు, టూ స్ట్రోక్ ఆయిలు కలిపినదైనా తాజాగా ఉండగానే మరో ఇంజనుకు వాడేసుకోవచ్చు. కానీ జూన్ దాకా దాచకూడదు. ఆఖరిసారి ఇంజను ఆడుతుండగానే పెట్రోలు గొట్టం ఊడదీసి, గిన్నెలో ఉన్నది ఖాళీ అయ్యేదాకా దాన్ని ఆడనివ్వాలి. అది తనంతట తాను ఆగుతుంది. చాలా కొట్లలో జూన్ నెల రద్దీ సగానికి సగం ఈ ఒక్క పనితో తగ్గుతుందని నా నమ్మకం.

ఆయిలు కొలత గురించి కూడా ఓ మాట. చాలా టూ స్ట్రోక్ ఇంజన్లకు యాభైకి ఒకటి, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు. కళ్ళతో అంచనా వేసి పోసేవాళ్ళున్నారు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లగా తడిసి నిప్పురవ్వ చచ్చిపోతుంది. మూత మీద గీతలున్న సీసా కొనుక్కుంటే అయిపోయే పని.

ఇంక నీళ్ళు. ఇంజను ఆడుతున్నప్పుడు వెనక పక్క సన్నని ధార చిమ్ముతూ ఉంటుంది. లోపల నీళ్ళు తిరుగుతున్నాయని అది ఇచ్చే ఆనవాలు. అలవాటైన మత్స్యకారుడు స్టార్టు చేయగానే వెనక్కి తిరిగి ఆ ధార చూస్తాడు, చేయి పెట్టి వేడి కూడా చూస్తాడు. గోరువెచ్చగా ఉండాలి. ధార రాకపోతే వెంటనే ఇంజను ఆపాల్సిందే. మొదటి అనుమానం ధార చిమ్మే కంత మీదే. ఖాళీగా ఉన్న నెలల్లో మట్టిగూళ్ళు పెట్టే కందిరీగలకు అది అనువైన చోటు, లేదంటే ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. సన్నని తీగతో ఒకసారి కదిపితే చాలా సార్లు ధార తిరిగి వస్తుంది. రాకపోతే కింద నీళ్ళు పీల్చే జల్లెడలో ప్లాస్టిక్ కవరో నాచో చూడాలి. అదీ కాకపోతే పంపు విప్పాలి.

ఆ పంపులో ఉండేది రబ్బరు రెక్కల చిన్న చక్రం, ఇంపెల్లర్. డబ్బీలో కాస్త ఇరుకుగా కూర్చుంటుంది కాబట్టి దాని రెక్కలన్నీ ఒక పక్కకు వంగి ఉంటాయి. తిరుగుతుంటే రెక్కలు వంగుతూ లేస్తూ నీటిని పైకి తోస్తాయి. తిరగకుండా నెలలు గడిస్తే వంగిన రెక్క వంగినట్టే బిగుసుకుపోతుంది. మావయ్య నా చేతిలో రెండు పెట్టాడు, ఒకటి కొత్తది, ఒకటి వసారాలో నిలిచిపోయింది. కొత్తదాని రెక్క వేలితో వంచి వదిలితే టక్కున లేచింది. పాతదాని రెక్క వంచితే మొదట్లో సన్నని చీలిక నోరు తెరిచింది, మళ్ళీ లేవలేదు. అరిగింది మాత్రం కాదు, అంచులు కొత్తగానే ఉన్నాయి. దీని ఖరీదుకూ, వేడెక్కి బిగుసుకుపోయిన ఇంజను ఖరీదుకూ పోలికే లేదు. ఇసుక నీళ్ళలో తిరిగే మన ఇంజన్లకు ఏటా దాన్ని మార్చుకోవడం దండగ కాదు.

పరీక్షించే తొందరలో కొందరు ఇంటి ముందే, నీళ్ళు లేకుండా, తాడు లాగి "ఆడుతోంది చూడు" అని సంబరపడతారు. ఇంపెల్లర్‌కు నీళ్ళే ఆయిలు. పొడిగా తిరిగితే నిమిషం లోపే రబ్బరు కాలిపోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, జల్లెడ పూర్తిగా మునిగేలా ఇంజను దించి, న్యూట్రల్‌లో ఆడించాలి. పది నిమిషాలు ఆడిస్తే పరీక్షా అవుతుంది, లోపలి ఉప్పూ కడుక్కుపోతుంది. ఉప్పునీటి వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ఇది చేయగలిగితే ఆ ఇంజను మనవడి కాలానికీ పనికొస్తుంది.

కింది గేరు పెట్టె సంగతి ఎవరూ తలవరు, అది నీళ్ళ అడుగున ఉంటుంది కాబట్టి. దాని శత్రువు మన వల. తెగిన నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగిన కొద్దీ లోపలికి కోసుకుపోయి, సీలును తెంపుతుంది. నీళ్ళు లోపలికి పోతాయి. ఆడుతున్నంతకాలం గేర్లు ఎలాగో నెట్టుకొస్తాయి. విప్పి మూలన పెట్టాక, ఆ ఉప్పునీరు కదలకుండా గేర్ల మీద, బేరింగుల మీద కూర్చుని తుప్పు పట్టిస్తుంది. నిషేధం మొదలైన రోజునే కింది మర విప్పి నాలుగు చుక్కలు చేతి మీద వేసుకుంటే తెలిసిపోతుంది. ఆయిలు తేటగానో నల్లగానో ఉంటే పర్వాలేదు. పాలరంగులో ఉంటే నీళ్ళు చేరాయి, సీలు మార్చాలి. కొత్త ఆయిలు కింది కంత నుంచే పైకి ఎక్కించాలి, పై కంతలోంచి పొర్లేదాకా. ముందు పై మర బిగించి, తర్వాత కింది మర. వరస మారితే లోపల గాలి నిలుస్తుంది.

నీళ్ళలో ఉండగా ఆగిపోయినప్పటి సంగతి వేరు. అక్కడ మనిషికి భయం ఉంటుంది, పోటు ఓ పక్కకు లాగుతుంటుంది, పక్కనున్నవాళ్ళు తలో సలహా ఇస్తుంటారు. ఆ సమయంలో తాడు మీద బలం చూపించడం సహజం. మావయ్య దగ్గర నేను నేర్చుకున్నది, అడగాల్సినవి తేలికైనదాని నుంచి మొదలుపెట్టి ఒకటి తర్వాత ఒకటి అడగడం, ఒకసారికి ఒక్కటే మార్చడం. ఆయన ఫోన్లో వేటగాళ్ళకు చెప్పే తీరు వింటే ముచ్చటేస్తుంది.

"ఎర్ర తాడు క్లిప్పు దాని చోట ఉందా?" అది ఊడితే ఇంజను స్టార్టవదు.

"ఉంది మావయ్యా."

"ట్యాంకు మూత మీద గాలి మర తిప్పావా?"

అటునుంచి కాస్త నిశ్శబ్దం. తర్వాత బుస్సుమన్న చప్పుడు ఫోన్లోంచి నాకే వినబడింది. గాలి మర మూసి ఉంటే పెట్రోలు తగ్గిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, పావుగంట బాగా ఆడిన ఇంజను మెల్లగా చచ్చిపోతుంది. ఇంటికి మోసుకుపోయేటప్పుడు ఒలకకుండా మూసిన మర అది. ఇదీ ఒడ్డున పుట్టినదే.

అదీ కాకపోతే, గొట్టం మధ్యలో ఉన్న రబ్బరు బుడ్డిని బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని పిసకాలి. గట్టిపడితే పెట్రోలు కార్బ్యురేటర్ దాకా వస్తున్నట్టు. ఎంత పిసికినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, గొట్టం కొసల్లో ఉన్న రబ్బరు వాషర్ చూడాలి. బుడ్డి చప్పిడిగా లోపలికి అంటుకుపోతే ట్యాంకు వైపు అడ్డం ఉంది. పెట్రోలు సవ్యంగా ఉంటే అప్పుడు ప్లగ్గు విప్పాలి. లేత గోధుమరంగు ఆరోగ్యం. తడిసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, ఓవరయింది. గొట్టం ఊడదీసి, చౌక్ తెరిచి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి, కొన్నిసార్లు లాగితే ఆరిపోతుంది. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలే చేరలేదు. తెల్లగా మాడి ఉంటే ఇంజను వేడెక్కుతోందని హెచ్చరిక, ధార వైపు చూడాలి. ఇంజను హోరున ఆడుతూ బోటు కదలకపోతే పైన వెతికి లాభం లేదు. చిన్న ఇంజన్లలో ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే మేకు, షియర్ పిన్, తెగి ఉంటుంది. రాయి తగిలితే గేర్లు పగలకుండా అది తెగడానికే పెట్టారు. దాని బదులు ఇనుప మేకు కొట్టి నడిపేవాళ్ళను చూశాను. తర్వాతి దెబ్బకు గేరు పెట్టే పోతుంది.

టూ స్ట్రోక్ ఇంజన్ల మీద నాకు మక్కువ ఉంది, దాచుకోను. పానా, స్క్రూడ్రైవరు పట్టడం తెలిసిన మనిషి దాన్ని ఇసుకలో కూర్చుని విప్పగలడు. కానీ అది కాలని పెట్రోలును కొంత నీళ్ళలోకి వదిలేస్తుంది. కోరింగ మడ అడవుల కాలువల్లో, చేపపిల్లలు పెరిగే వేళ్ళ మధ్య, ఆ రంగుల పొర తేలడం చూస్తే బాధ కలుగుతుంది. కొత్త ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు ఈ విషయంలో నయం. వాటిని పడుకోబెట్టేటప్పుడు మాత్రం కంపెనీ చెప్పిన వైపే పడుకోబెట్టాలి, లేకపోతే ఆయిలు సిలిండర్లోకి దిగుతుంది. ఏ ఇంజనైనా కింది భాగం కంటే తల ఎత్తుగా ఉండాలి.

ఇంజను పాడయ్యేది ఒడ్డునే అన్న మాటకు అన్నిటికంటే గట్టి రుజువు మునిగిన ఇంజను. మొగ దగ్గర కెరటానికి నావ తిరగబడి ఇంజను ఉప్పునీళ్ళలో పడుతుంది. బయటికి తీసి ఎండలో పెడతారు, ఆరితే బాగవుతుందని. అదే దాన్ని చంపుతుంది. నీళ్ళలో ఉన్నంతసేపు గాలి అందక తుప్పు నెమ్మదిగా పడుతుంది. పైకి తీసిన క్షణం నుంచి ఉప్పూ తేమా గాలీ కలిసి క్రాంకు బేరింగుల మీద పనిచేయడం మొదలుపెడతాయి, కొన్ని గంటల్లోనే. వెంటనే మంచినీళ్ళతో లోపలా బయటా కడగాలి, ప్లగ్గులు తీసి చేత్తో నెమ్మదిగా తిప్పి నీళ్ళు వంచాలి, ఆయిలు పోయాలి, అదే రోజు స్టార్టు చేసి వేడెక్కనివ్వాలి. ఆడుతుండగా మునిగిన ఇంజను చేతికి బిగుతుగా తగిలితే బలవంతంగా తిప్పకూడదు, లోపల రాడ్డు వంగి ఉండవచ్చు. మెకానిక్ దగ్గరికి ఆ రోజు చేరలేకపోతే, మంచినీళ్ళ డ్రమ్ములో దాన్ని మళ్ళీ ముంచి ఉంచడమే మేలు. మొదటిసారి విన్నప్పుడు నమ్మబుద్ధి కాదు. మునిగినదాన్ని కాపాడడానికి మళ్ళీ ముంచడం!

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి వేట బోట్ల ఇంజన్లు కాదు. వాటికి యజమాని ఉన్నాడు, జూన్ వస్తే ఎలాగైనా విప్పుతాడు. వరద సాయానికి ఉంచిన బోట్ల సంగతి అలా కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అలాంటి రోజుల్లో మేడల మీద నిలబడ్డ జనానికి బోటు ఇంజను చప్పుడే దిక్కు. వరద ఇంజన్లలో చాలావాటికి ఏడాదిలో పని పడేది కొద్ది రోజులే, తక్కిన కాలమంతా గోదాములోనే. ఇంతసేపూ చెప్పుకున్న రోగాలన్నిటికీ అంతకన్న అనువైన చోటు లేదు. పైగా అవి తిరగాల్సింది వీధుల్లో, ప్లాస్టిక్ కవర్లూ బురదా కేబుల్ తీగలూ తేలే నీళ్ళలో.

బోట్లున్న ప్రతి మండలంలో ఒక మనిషికి ఈ పని అప్పగించాలని నా కోరిక. నెలకొకసారి డ్రమ్ములో పది నిమిషాలు ఆడించి, ధార చూసి, పెట్రోలు మార్చి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ పని చేతకావడానికి చదువు అక్కర్లేదు, జీతం పెద్దది కానక్కర్లేదు. వేట నిషేధపు రెండు నెలల్లో ఖాళీగా ఉన్న మత్స్యకారులనే అడిగితే, తుపాను కాలానికి ముందే ఇంజన్లన్నీ ఓసారి విప్పి చూసి పెడతారు. బోటుతోపాటు ఒక డబ్బా కట్టి ఉంచాలి: రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, షియర్ పిన్నులు, ఒక ఇంపెల్లర్, గొట్టం కొసల వాషర్లు, అదనపు ఎర్ర తాడు క్లిప్పు, కంత కదిపే సన్నని తీగ.